చీకటి సన్నివేశంలోనే తెర సత్తా: కొత్త హోమ్ థియేటర్ టీవీపై పాఠకుల ప్రశ్నలు

పెద్ద తెర, మంచి స్పీకర్లు సమకూర్చుకుని ఇంట్లోనే సినిమా చూడాలనుకునే పాఠకులు ఈసారి ఎక్కువగా ఉత్తరాలు రాశారు. ఎవరి సందేహం వారిదే అయినా, అన్నింటి వెనకా ఉన్న ప్రశ్న ఒకటే: ఇంత మంచి టీవీ కొన్నాక, అది ఇవ్వగలిగినదంతా ఇస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలి? నా నమ్మకం మొదటే చెప్పేస్తాను. సినిమా తీసినవారు రంగులు దిద్దే గదిలో కూర్చుని ఏ బొమ్మను చూసి సరేననుకున్నారో, ఆ బొమ్మను మన గదిలోకి తేవడమే మంచి టీవీ చేయవలసిన పని. కింది జవాబులన్నీ ఆ కొలబద్దతో రాసినవే.

ప్రశ్న: కొత్తగా 65 అంగుళాల ఓఎల్ఈడీ టీవీ కొన్నాం. షోరూంలో కళ్లు చెదిరేలా ఉన్న తెర, ఇంట్లో సినిమా మోడ్‌లో పెడితే మసకగా, పసుపు పట్టినట్టు కనిపిస్తోంది. వివిడ్ మోడ్‌కు మారిస్తే మళ్లీ మెరుస్తోంది. టీవీలో లోపం ఉందా? లేక సినిమా మోడ్‌ను వదిలేయాలా?

జవాబు: మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే మీ టీవీ సక్రమంగానే ఉంది. సినిమా మోడ్‌ను వదలవద్దని నా సలహా. షోరూంలో బలమైన దీపాల కింద ఎన్నో తెరలు పక్కపక్కనే వెలుగుతుంటాయి. అక్కడ నిలబడి చూసే ఆ కొద్ది నిమిషాల్లో మన కన్ను ఎక్కువ వెలుగు, ఎక్కువ నీలం ఉన్న తెర వైపే పోతుంది కాబట్టి, వివిడ్ మోడ్‌ను ఆ పోటీకి తగ్గట్టుగా తయారు చేస్తారు. తెలుపులో కొంచెం నీలం కలిస్తే అది ఇంకా తెల్లగా అనిపిస్తుందన్నది ఉతికిన బట్టలకు నీలిమందు పెట్టిన వారందరికీ తెలిసిన సంగతే. రంగులు దిద్దే స్టూడియోల్లో మాత్రం తెలుపుకు ఒక నిర్ణీత ప్రమాణం ఉంది. దాన్ని డి65 అంటారు. సగటు పగటి వెలుతురుకు దగ్గరగా, సుమారు 6500 కెల్విన్ రంగు ఉష్ణోగ్రత వద్ద ఉండే తెలుపు అది. వివిడ్ మోడ్‌లోని తెలుపు దీనికి ఎంతో పైన, నీలం వైపు ఉంటుంది. ఏళ్ల తరబడి ఆ నీలి తెలుపుకు అలవాటుపడిన కంటికి అసలైన తెలుపు పసుపుగా తోచడం సహజం. వారం పది రోజులు ఏదీ మార్చకుండా సినిమా మోడ్‌లోనే చూడండి. ఆ తరువాత ఒకసారి వివిడ్‌కు వెళితే మనుషుల ముఖాలు నీలం పులిమినట్టు కనిపిస్తాయి. ఈ మార్పు నేను చాలామందిలో చూశాను, నా విషయంలోనూ అలాగే జరిగింది.

వెలుగు సంగతి కూడా ఇలాంటిదే. హెచ్‌డీఆర్ (వెలుగు నీడల పరిధి ఎక్కువగా ఉండే వీడియో) కాని మామూలు కార్యక్రమాలకు స్టూడియో మానిటర్‌లో అత్యంత ప్రకాశవంతమైన తెలుపును 100 నిట్స్ (తెర వెలుగును చెప్పే కొలత) దగ్గర ఉంచి, మసక వెలుతురు ఉన్న గదిలో రంగులు దిద్దుతారు. పగలు కిటికీలు తెరిచి ఉన్న మీ గదికి ఆ వెలుగు చాలదు, కాబట్టి పెంచుకోవడంలో తప్పేమీ లేదు. అయితే దేన్ని పెంచాలో తెలియాలి. ప్రతి పిక్సెల్ తానే వెలిగే ఓఎల్ఈడీ టీవీల మెనూలో పిక్సెల్ బ్రైట్‌నెస్ లేదా ఓఎల్ఈడీ లైట్ అనీ, ఎల్‌సీడీ తెర వెనుక దీపాలుండే ఎల్‌ఈడీ టీవీల్లో బ్యాక్‌లైట్ అనీ కనిపించేది తెర మొత్తం వెలుగును మారుస్తుంది. బ్లాక్ లెవెల్ అనేది నలుపు స్థాయిని కదిలిస్తుంది. దాన్ని పెంచితే నలుపు బూడిద రంగులోకి తిరుగుతుంది, తగ్గిస్తే నీడల్లోని వివరాలు మునిగిపోతాయి. కొన్ని టీవీల్లో ఈ నలుపు స్థాయికే బ్రైట్‌నెస్ అన్న పేరు పెడతారు కాబట్టి, పేరును నమ్మకుండా ఒకసారి కదిపి చూసి, మారుతున్నది తెలుపా నలుపా అని గమనించడం మేలు. పగటికి ఒక మోడ్, రాత్రికి ఒక మోడ్ వేరువేరుగా సిద్ధం చేసుకోండి. పగటి మోడ్‌లో వెలుగు పెంచి గామాను (నలుపు తెలుపుల మధ్య మెట్లు ఎంత ముదురుగా ఉండాలో నిర్ణయించే అమరిక) 2.2 వద్ద, రాత్రి మోడ్‌లో వెలుగు తగ్గించి గామాను 2.4 లేదా స్టూడియో ప్రమాణమైన బీటీ 1886 వద్ద ఉంచితే రెండు వేళలా నీడలు చక్కగా తెలుస్తాయి.

సినిమా మోడ్ ఎంచుకున్నంత మాత్రాన పని పూర్తికాదు. డైనమిక్ కాంట్రాస్ట్, నాయిస్ రిడక్షన్, చర్మం రంగును మెరుగుపరుస్తామని చెప్పే సౌకర్యాలు, కరెంటు ఆదా చేసే ఎకో మోడ్ కొన్ని టీవీల్లో అప్పటికీ పనిచేస్తూనే ఉంటాయి. వాటిని ఒక్కొక్కటిగా ఆపండి. షార్ప్‌నెస్ విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. తెల్లని నేల మీద సన్నని నల్ల అక్షరాలున్న బొమ్మను తెరమీద ఉంచి, అక్షరాల అంచుల వెంబడి లేత గీత ఏదైనా కనిపిస్తోందేమో దగ్గరికి వెళ్లి చూడండి. కనిపిస్తే అది టీవీ తనంతట తాను గీసిన గీత. ఆ గీత మాయమయ్యేదాకా షార్ప్‌నెస్ తగ్గించండి. కొన్ని టీవీల్లో అది సున్నా దగ్గర, కొన్నింటిలో మధ్యలో ఎక్కడో మాయమవుతుంది. ఇదంతా చేసే ఓపిక లేనివారి కోసం 2019లో టీవీ తయారీదారులు, సినిమా స్టూడియోల కూటమి అయిన యూహెచ్‌డీ అలయన్స్ ఫిల్మ్‌మేకర్ మోడ్ అనే ఏర్పాటును ప్రకటించింది. అది మీ టీవీలో ఉంటే ఇవి చాలావరకు ఒక్క మీటతో ఆగిపోతాయి. చీకటి గదిలో సినిమా చూడడానికి దాన్ని మించిన ఆరంభం లేదు.

ప్రశ్న: 65 అంగుళాల టీవీకి ఎంత దూరంలో కూర్చోవాలి? గోడకు ఎంత ఎత్తున బిగించాలి? దగ్గరగా కూర్చుంటే కళ్లకు హాని అని ఇంట్లో పెద్దవారు అంటున్నారు.

జవాబు: 65 అంగుళాల తెర వెడల్పు సుమారు 144 సెంటీమీటర్లు. సినిమా చూడడానికి ఆ వెడల్పు మన కంటి దగ్గర కనీసం 30 డిగ్రీల కోణం చేయాలన్నది చాలాకాలంగా పాటిస్తున్న లెక్క. ఆ లెక్కన మీ సోఫా తెరకు సుమారు 2.7 మీటర్ల దూరంలో ఉండాలి. థియేటర్‌లో మధ్య వరుసల్లో కూర్చున్న అనుభూతి కావాలంటే 40 డిగ్రీలు, అంటే సుమారు 2 మీటర్లు. ఇక్కడ మరో లెక్క కూడా ఉంది. ఆరోగ్యవంతమైన కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు దాకా సూక్ష్మ వివరాన్ని పట్టగలదని అంటారు. ఆ ప్రకారం 65 అంగుళాల తెరమీద ఫుల్ హెచ్‌డీ బొమ్మలోని పిక్సెళ్లు 2.6 మీటర్లు దాటితే విడివిడిగా తెలియవు. అంతకన్నా దూరంగా కూర్చునేవారికి 4కే వివరంలో అధిక భాగం అందదు. 4కే టీవీ కొని 4 మీటర్ల దూరంలో కూర్చున్నవారు ఆ అదనపు పిక్సెళ్లకు చెల్లించిన సొమ్మును వాడుకోవడం లేదనే అనాలి.

పెద్దవారి మాటకు వస్తే, ఈ దూరాల్లో తెర చూడడం వల్ల కంటికి హాని జరగదు. చీకటి గదిలో ప్రకాశవంతమైన తెరను రెప్ప వేయకుండా చూస్తూ ఉంటే కళ్లు అలసిపోతాయి, ఎండిపోతాయి. దానికి విరుగుడు టీవీ వెనుక గోడమీద పడేలా 6500 కెల్విన్ తెల్లని దీపపు పట్టీ ఒకటి అమర్చడం. దాని వెలుగు తెర తెలుపులో పదో వంతుకు మించకూడదు. రంగులు మారే దీపాలు పెడితే కన్ను వాటికి తగ్గట్టు సర్దుకుని తెరమీద రంగులను తప్పుగా చూస్తుంది.

ఎత్తు గురించి క్లుప్తంగా చెబుతాను. కూర్చున్నప్పుడు మీ కంటి ఎత్తుకు తెర మధ్యభాగం గాని, దానికి కాస్త దిగువ భాగం గాని రావాలి. మెడ పైకెత్తి చూడవలసిన ఎత్తున టీవీ బిగించడం నాకు బాధ కలిగించే పొరపాటు. గంట గడిచేసరికి మెడ నొప్పి పెడుతుంది, ఎల్‌సీడీ తెరల్లో కొన్నింటికి ఆ కోణం నుంచి నలుపు కూడా పలచబడుతుంది.

ప్రశ్న: మోషన్ స్మూతింగ్ (ఫ్రేముల మధ్య టీవీ తానే కొత్త ఫ్రేములు చేర్చే సౌకర్యం) ఆపాలని అందరూ చెబితే ఆపేశాను. ఇప్పుడు కెమెరా పక్కకు తిరిగే సన్నివేశాల్లో బొమ్మ ఆగి ఆగి కదులుతున్నట్టుంది. పాత ఎల్‌సీడీ టీవీలో ఇలా లేదు. దానికంటే ఎంతో ఖరీదైన ఓఎల్ఈడీలో ఇలా ఎందుకు?

జవాబు: మీ పరిశీలన నిజమే. సినిమాకు మాట వచ్చిన 1920ల చివరి నుంచి సెకనుకు 24 ఫ్రేములు తీయడం ప్రమాణంగా స్థిరపడింది. అంటే ఒక్కో ఫ్రేము తెరమీద సుమారు 42 మిల్లీసెకన్లు నిలుస్తుంది. మీ పాత ఎల్‌సీడీ తెర ఒక బొమ్మ నుంచి మరో బొమ్మకు మెల్లగా మారేది, ఆ మార్పులో కలిగే మసక రెండు ఫ్రేముల మధ్య అతుకు వేసేది. ఓఎల్ఈడీ పిక్సెల్ మిల్లీసెకను కూడా పట్టకుండా మారిపోతుంది. కాబట్టి ప్రతి ఫ్రేమూ స్పష్టంగా నిలిచి, తరువాత ఒక్కసారిగా దూకుతుంది. మీరు చూస్తున్న కుదుపు ఆ స్పష్టతకు మరో ముఖం. తెర వెలుగు పెరిగే కొద్దీ అది మరింత తెలుస్తుంది. కెమెరా వేగంగా తిరిగితే థియేటర్‌లోనూ ఈ కుదుపు ఉంటుంది. తెర ఒక అంచు నుంచి మరో అంచుకు వస్తువు చేరడానికి కనీసం ఏడు సెకన్లు పట్టేలా కెమెరా తిప్పాలని ఛాయాగ్రాహకులు పెట్టుకున్న నియమం దీని కోసమే.

దీనితో పాటు మరో రకం కుదుపు ఉండవచ్చు, అది మాత్రం సరిదిద్దదగినది. మీ స్ట్రీమింగ్ పెట్టె సెకనుకు 60 సార్లు బొమ్మ పంపేలా అమర్చి ఉంటే, 24 ఫ్రేములు 60లో సమంగా ఇమడవు కాబట్టి ఒక ఫ్రేము మూడుసార్లు, తరువాతి ఫ్రేము రెండుసార్లు చొప్పున వస్తాయి. ఒకటి 50 మిల్లీసెకన్లు, మరొకటి 33 మిల్లీసెకన్లు నిలిచి నడక కుంటుపడుతుంది. పెట్టె సెట్టింగుల్లో ఫ్రేమ్ రేట్‌ను కార్యక్రమానికి అనుగుణంగా మార్చే సౌకర్యం ఉంటే దాన్ని తెరవండి. 120 హెర్ట్జ్ తెరకు 24 సరిగ్గా ఐదుసార్లు సరిపోతుంది, కాబట్టి అప్పుడు ప్రతి ఫ్రేమూ సమానంగా నిలుస్తుంది. ఆ తరువాత కూడా ఇబ్బందిగా ఉంటే మోషన్ మెనూలో కుదుపు తగ్గించే డీ-జడ్డర్ అన్నదాన్ని ఒకటి రెండు మెట్లు మాత్రమే పెంచండి. పది మెట్లూ పెంచితే సినిమా నాటకం రికార్డింగులా మారిపోతుంది. నేను ఒక్క మెట్టుకే పరిమితమవుతాను. క్రీడలకు మాత్రం ఈ నియమాలేవీ వర్తించవు, అక్కడ మీ కంటికి హాయిగా ఉన్నంత పెంచుకోండి.

ప్రశ్న: హెచ్‌డీఆర్, డాల్బీ విజన్ అని రాసి ఉన్న సినిమాలు మామూలు సినిమాలకంటే చీకటిగా కనిపిస్తున్నాయి. ఇది ఎక్కువ వెలుగు ఇవ్వాలి కదా?

జవాబు: ఈ ప్రశ్న నాకు వచ్చిన ఉత్తరాల్లో అన్నింటికన్నా ఎక్కువసార్లు కనిపించింది, దీన్ని కాస్త వివరంగా చెప్పుకోవడం అవసరం. మామూలు వీడియోలో తెలుపు అంటే మీ టీవీలోని గరిష్ఠ వెలుగు, అది ఎంతైనా సరే. మీరు రిమోట్‌తో 300 నిట్స్‌కు పెంచుకుంటే బొమ్మంతా మూడు రెట్లు వెలుగుతుంది. హెచ్‌డీఆర్ అలా కాదు. 2014లో ప్రమాణమైన ఎస్‌టీ 2084 అనే పద్ధతిలో ప్రతి సంకేతానికీ ఇన్ని నిట్స్ అని ఖచ్చితమైన విలువ ఉంటుంది. అది సున్నా దరిదాపుల నుంచి 10,000 నిట్స్ వరకు పోతుంది. ఆ పైభాగమంతా దీపాలు, నిప్పు రవ్వలు, నీటిమీద ఎండ తళుకు వంటి చిన్న చిన్న మెరుపుల కోసం ఉంచినది. మనుషుల ముఖాలు, గోడలు మామూలు వీడియోలో ఉన్న వెలుగుకు దగ్గరలోనే ఉంటాయి. చీకటి గదిలో చూస్తారని తలచి దిద్దిన ఆ ముఖాలు, మీరు 300 నిట్స్‌కు పెంచుకున్న మామూలు బొమ్మ పక్కన మసకగా తోచక తప్పదు.

రెండో కారణం టీవీ శక్తిలో ఉంది. సినిమాను 1000 లేదా 4000 నిట్స్ మానిటర్ మీద దిద్ది ఉండవచ్చు, మీ తెర అంత ఇవ్వలేకపోవచ్చు. అప్పుడు టీవీ పైనున్న మెరుపులను తన పరిధిలోకి నొక్కి సర్దుతుంది, దీన్నే టోన్ మ్యాపింగ్ అంటారు. మెరుపుల్లోని వివరం పోకుండా కాపాడాలని చూసే టీవీ ఆ క్రమంలో మొత్తం బొమ్మను కాస్త కిందికి దించవచ్చు. హెచ్‌డీఆర్‌లో మామూలు రకమైన హెచ్‌డీఆర్10లో వెలుగు గురించి సినిమా మొత్తానికి ఒకే సమాచారం వస్తుంది. డాల్బీ విజన్‌లోనూ, హెచ్‌డీఆర్10 ప్లస్‌లోనూ సన్నివేశం వారీగా సమాచారం వస్తుంది కాబట్టి అక్కడ ఈ సర్దుబాటు మరింత నేర్పుగా జరుగుతుంది. పైగా ఓఎల్ఈడీ తెర చిన్న మెరుపుకు ఇచ్చే వెలుగును తెరంతా తెల్లగా ఉన్నప్పుడు ఇవ్వలేదు. మంచు మైదానం వంటి దృశ్యంలో అది నాలుగో వంతుకో ఐదో వంతుకో పడిపోవచ్చు. అటువంటి దృశ్యాల్లో వెనుక ఎన్నో చిన్న దీపాలుండే మినీ ఎల్‌ఈడీ తెరలు నిలబడి వెలుగుతాయి, అది వాటికున్న నిజమైన బలం.

మీరు చేయవలసిన పనులు ఇవి. మొదట గదిని చీకటి చేసి చూడండి, సమస్య సగం అక్కడే తీరుతుంది. హెచ్‌డీఆర్ బొమ్మ వచ్చినప్పుడు టీవీ వేరే మోడ్‌లోకి మారుతుంది కనుక, ఎకో మోడ్ ఆపడం వంటివన్నీ అక్కడ మళ్లీ చేయాలి, వెలుగు, కాంట్రాస్ట్ గరిష్ఠంగా ఉన్నాయో లేదో చూడాలి. పగలే చూడక తప్పనివారు డాల్బీ విజన్‌లో సినిమా హోమ్ లేదా బ్రైట్ అని ఉన్న మోడ్‌ను ఎంచుకోవచ్చు, గది వెలుతురును కొలిచి సర్దే డాల్బీ విజన్ ఐక్యూ ఉంటే దాన్ని వాడవచ్చు. వీటిలో ఖచ్చితత్వం కొంత పోతుంది, అయినా ఏమీ కనిపించకపోవడం కంటే అది మేలు.

ప్రశ్న: టీవీ తిరిగి ఇచ్చే గడువు ముగిసేలోగా ఏమేం పరీక్షించాలి? సినిమాలు చూస్తే బాగానే ఉంది.

జవాబు: గడువు ముగిసేదాకా పెట్టెనూ, లోపలి అట్టలనూ దాచండి. టీవీని కనీసం అరగంట నడిపించి, రాత్రిపూట దీపాలు ఆర్పి పరీక్ష మొదలుపెట్టండి. తెరంతా పూర్తి నలుపు, పూర్తి తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం బొమ్మలను వరుసగా చూపితే పనిచేయని పిక్సెళ్లు బయటపడతాయి. ఇది సులువు. అసలు కష్టమైన పరీక్ష నలుపుకు కాస్త పైన ఉండే ముదురు బూడిద రంగు, అంటే గరిష్ఠ సంకేతంలో సుమారు 5 శాతం. తెరంతా ఆ ఒక్క రంగే నింపితే ఓఎల్ఈడీ తెరల్లో నిలువు చారలు, ఎల్‌సీడీ తెరల్లో మూలల నుంచి కారే వెలుగు కనిపిస్తాయి. తరువాత సగం బూడిద రంగు చూపండి, అందులో మురికి మరకల్లాంటి మచ్చలు ఉంటే క్రీడా మైదానం మీద కెమెరా తిరిగినప్పుడు అవి మిమ్మల్ని వేధిస్తాయి.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. నేను ఒకసారి కొత్త టీవీ తెచ్చుకుని, సినిమాలు బాగున్నాయి కదా అని ఈ బూడిద పరీక్ష వాయిదా వేశాను. గడువు ముగిసిన మూడో రోజు రాత్రి, పొగమంచులో నడిచే సన్నివేశంలో తెర ఎడమవైపు వేలు లావున ఒక నిలువు చార కనిపించింది. ఒకసారి కంటపడ్డాక దాన్ని చూడకుండా ఉండడం నాకు సాధ్యం కాలేదు. ఆ టీవీ ఉన్నంతకాలం చీకటి సన్నివేశం వచ్చిన ప్రతిసారీ నా కన్ను కథను వదిలి ఆ చార మీదికే పోయేది. అలాగని లేని లోపాన్ని వెతికి తెచ్చుకోవద్దు. 5 శాతం బూడిదలో సన్నని చారలు కొద్దిగా ఉండడం దాదాపు ప్రతి ఓఎల్ఈడీకీ మామూలే, వాటిలో కొన్ని మొదటి కొన్ని వారాల వాడకంలో పలచబడతాయి. నిజమైన సినిమాలో మీరు కూర్చునే చోటు నుంచి కనిపిస్తే మాత్రమే టీవీ మార్చమని అడగండి.

మీది మినీ ఎల్‌ఈడీ అయితే నల్లని తెరమీద తెల్లని అక్షరాలు పైకి కదిలే పేర్ల జాబితాను చూడండి. 4కే తెరలో సుమారు 83 లక్షల పిక్సెళ్లు ఉంటే, వాటి వెనుక వెలుగును అదుపు చేసే విభాగాలు కొన్ని వందలో వేలో మాత్రమే ఉంటాయి. కాబట్టి అక్షరాల చుట్టూ కొంత వెలుగు వలయం తప్పదు. అది ఎంత, అక్షరాలు కదిలేటప్పుడు దడదడలాడుతోందా అన్నదే చూడవలసిన విషయం.

ఈ పరీక్షలకు వాడే బొమ్మలు నాణ్యమైనవై ఉండాలి. ఆకాశంలో రంగుల మెట్లు, నీడల్లో చతురస్రాలు కనిపిస్తే తప్పు టీవీది అనుకునే ముందు మూలాన్ని అనుమానించండి. 4కే స్ట్రీమింగ్ సెకనుకు 15 నుంచి 25 మెగాబిట్ల దగ్గర నడిస్తే, అల్ట్రా హెచ్‌డీ బ్లూ-రే డిస్క్ 128 మెగాబిట్ల వరకు పోగలదు. తెర గురించి తీర్పు చెప్పాలనుకుంటే డిస్క్ పెట్టి, మీకు బాగా తెలిసిన సినిమాలోని చీకటి సన్నివేశం చూడండి. నల్లని కోటు మడతలు విడిగా తెలుస్తున్నాయా, చీకటి గది మూలలో వస్తువులు ఉన్నాయని తెలుస్తోందా, అదే సమయంలో నలుపు నల్లగానే ఉందా అని గమనించండి. నీడలన్నీ ఒకే ముద్దగా ఉంటే లేదా అన్నీ బూడిదగా ఉంటే, టీవీ, ప్లేయర్ ఒకే వీడియో పరిధిలో ఉన్నాయో లేదో చూడండి. సున్నా నుంచి 255 దాకా ఉండే సంకేత మెట్లలో, సినిమాల్లో నలుపు 16 వద్ద, తెలుపు 235 వద్ద ఉంటాయి (దీన్నే లిమిటెడ్ అంటారు; మొత్తం మెట్లూ వాడితే ఫుల్). ఒక పరికరం లిమిటెడ్ అనీ, మరొకటి ఫుల్ అనీ అనుకుంటే ఈ రెండు లోపాల్లో ఒకటి తప్పక వస్తుంది.

ప్రశ్న: ఖరీదైన హెచ్‌డీఎంఐ కేబుల్ కొంటే బొమ్మ మెరుగవుతుందా?

జవాబు: మెరుగవదు. సంకేతం పూర్తిగా చేరితే బొమ్మ ఒకటే, చేరకపోతే తెరమీద మెరుపు చుక్కలు వస్తాయి, లేదా బొమ్మ ఆగి ఆగి మాయమవుతుంది. సినిమా డిస్కులకు, స్ట్రీమింగ్‌కు సెకనుకు 18 గిగాబిట్ల కేబుల్ చాలు. 4కే 120 ఫ్రేముల ఆటలు ఆడేవారికి మాత్రమే 48 గిగాబిట్లకు ధ్రువీకరించిన అల్ట్రా హై స్పీడ్ కేబుల్ కావాలి. కేబుల్ కంటే ముందు టీవీలో ఆ హెచ్‌డీఎంఐ పోర్టుకు ఎన్‌హాన్స్‌డ్ లేదా డీప్ కలర్ అన్న సౌకర్యం తెరిచి ఉందో లేదో చూడండి. చాలామందికి హెచ్‌డీఆర్ రాకపోవడానికి కారణం అది మూసి ఉండడమే.

ప్రశ్న: ఏవీ రిసీవర్ (ధ్వనిని స్పీకర్లకు పంచే పరికరం), ఐదు స్పీకర్లు కలిపాం. పెదవుల కదలికకు, మాటకు పొంతన కుదరడం లేదు. డాల్బీ అట్మాస్ (పైనుంచి కూడా ధ్వని వినిపించే పద్ధతి) అని కూడా చూపించడం లేదు.

జవాబు: టీవీ బొమ్మను సిద్ధం చేయడానికి కొంత సమయం తీసుకుంటుంది, రిసీవర్ ధ్వనికి వేరే సమయం తీసుకుంటుంది. మాట బొమ్మకన్నా 45 మిల్లీసెకన్లు ముందుగా వస్తే మనం పసిగడతాం, వెనుకబడితే 125 మిల్లీసెకన్ల దాకా గుర్తించమని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం సిఫారసు చెబుతోంది. దూరం నుంచి వచ్చే శబ్దం ఎప్పుడూ దృశ్యం వెనకాలే చెవిని చేరుతుంది కాబట్టి ఆలస్యానికి మనం అలవాటుపడి ఉన్నాం, ముందు రావడాన్ని సహించలేం. రిసీవర్‌లోని ఆడియో డిలేను చప్పట్లు కొట్టే దృశ్యం ఒకటి పదే పదే చూస్తూ 10 మిల్లీసెకన్ల చొప్పున సర్దండి. ఆటల కోసం గేమ్ మోడ్‌కు మారినప్పుడు టీవీ తీసుకునే సమయం తగ్గుతుంది, అక్కడ డిలే వేరుగా ఉండాలని గుర్తుంచుకోండి.

అట్మాస్ కోసం మొదట టీవీ సౌండ్ మెనూలో డిజిటల్ అవుట్‌పుట్‌ను పాస్ త్రూ లేదా బిట్‌స్ట్రీమ్‌కు మార్చండి, టీవీయే ధ్వనిని విప్పి పంపే పీసీఎంలో ఉంటే అట్మాస్ సమాచారం టీవీలోనే ఆగిపోవచ్చు. స్ట్రీమింగ్ అట్మాస్ మామూలు ఏఆర్‌సీ (టీవీ ధ్వనిని హెచ్‌డీఎంఐ కేబుల్ మీదుగా రిసీవర్‌కు పంపే దారి) గుండా కూడా పోతుంది. డిస్కుల్లోని ట్రూహెచ్‌డీ అట్మాస్ టీవీ ద్వారా పోవాలంటే దాని మెరుగైన రూపమైన ఈఏఆర్‌సీ తప్పనిసరి, లేదా ప్లేయర్‌ను నేరుగా రిసీవర్‌కు కలపాలి. అయితే మీవి ఐదు స్పీకర్లే కనుక పైకప్పు నుంచి వచ్చే ధ్వనికి చోటు లేదు, ఆ అక్షరాలు రిసీవర్ మీద కనిపించలేదని దిగులుపడవద్దు. ముందు స్పీకర్లు రెండూ మీ నుంచి చూస్తే ఇరువైపులా 30 డిగ్రీల్లో, వెనుకవి 110 డిగ్రీల దగ్గర ఉన్నాయో లేదో చూసుకోవడం వల్ల కలిగే లాభం దానికంటే పెద్దది. మాటలన్నీ వచ్చే మధ్య స్పీకర్‌ను టీవీ బల్ల లోపలికి తోయకుండా అంచుదాకా ముందుకు జరపండి.

ప్రశ్న: కరెంటు ఆదా కోసం రాత్రి టీవీ ప్లగ్ తీసేస్తాం. ఓఎల్ఈడీకి ఇది మంచిది కాదని ఒకరన్నారు. నిజమేనా?

జవాబు: నిజమే. ఓఎల్ఈడీ టీవీ కొన్ని గంటలు నడిచాక, సాధారణంగా నాలుగు గంటలు దాటాక, రిమోట్‌తో ఆపినప్పుడు లోపల చిన్న సవరణ ఒకటి చేసుకుంటుంది. పిక్సెళ్లలో వచ్చిన తేడాలను కొలిచి సరిచేస్తుంది. ప్లగ్ తీసేస్తే ఆ పని జరగక మచ్చలు పేరుకుంటాయి. మెనూలో పిక్సెల్ రిఫ్రెష్ అని ఉండే పెద్ద సవరణను మాత్రం టీవీ అడిగితే తప్ప మీరుగా పదే పదే నడపవద్దు. ఎప్పుడూ ఒకే చిహ్నం ఉండే వార్తా ఛానెల్‌ను రోజంతా నడపడం తగ్గిస్తే మిగతా జాగ్రత్తలు టీవీ తానే తీసుకుంటుంది.

ప్రశ్న: నిపుణుడిని పిలిచి క్యాలిబ్రేషన్ (పరికరంతో కొలిచి రంగులు సరిదిద్దడం) చేయించడం అవసరమా? వేరొకరి టీవీ సెట్టింగులు చూసి పెట్టుకుంటే సరిపోదా?

జవాబు: వేరొకరి సెట్టింగుల్లో సగం మాత్రమే పనికి వస్తుంది. ఏ మోడ్, ఏ గామా, ఏవి ఆపాలి అన్నవి అదే మోడల్ ఉన్న ఎవరివైనా తీసుకోవచ్చు. ఎరుపు, ఆకుపచ్చ, నీలాలను అంకెలతో సర్దే వైట్ బ్యాలెన్స్ విలువలను మాత్రం తీసుకోవద్దు. ఒకే రోజు తయారైన రెండు తెరలకు కూడా ఆ తేడాలు వేరుగా ఉంటాయి, అరువు అంకెలు మీ తెరను ఉన్నదానికంటే చెడగొట్టవచ్చు. రంగుల్లో తప్పును డెల్టా ఈ అనే కొలతతో చెబుతారు, అది 3 లోపు ఉంటే కదిలే బొమ్మలో కంటికి తెలియడం కష్టం. నేటి ఉన్నతస్థాయి టీవీలు సినిమా మోడ్‌లో పెట్టెలోంచి తీసినప్పుడే దాని దరిదాపుల్లో ఉంటున్నాయి. అందుకే నేను అందరికీ క్యాలిబ్రేషన్ చేయించమని చెప్పను. చీకటి గది సిద్ధం చేసుకుని, ప్రతి వారం సినిమా చూసేవారు చేయించుకుంటే బూడిద రంగు మెట్లన్నీ ఏ రంగూ అంటకుండా నిలబడడం చూసి ఆనందిస్తారు. తెర కుదురుకోవడానికి సుమారు 100 గంటలు నడిచాక పిలవండి. వచ్చినవారు తెరకు ఆనించే కొలత పరికరం తెచ్చారో లేదో, హెచ్‌డీఆర్‌ను, మామూలు వీడియోను విడివిడిగా కొలుస్తారో లేదో, ముందు వెనుకల నివేదిక ఇస్తారో లేదో అడగండి. కంటితో చూసి సర్దుతామనేవారికి డబ్బు ఇవ్వవద్దు. పని పూర్తయ్యాక మెనూలోని ప్రతి పేజీనీ ఫోన్‌తో ఫొటో తీసి దాచుకోండి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చినప్పుడు కొన్ని టీవీల్లో సెట్టింగులు చెరిగిపోతాయి, ఆ ఫొటోలు ఉంటే పది నిమిషాల్లో మళ్లీ పెట్టుకోగలుగుతారు.